ఇరవై రెండక్షరాల చీటీ

గడ్డ కోసి తీసేశారు, యిక భయం లేదనుకున్న యింట్లో రెండేళ్ళకో మూడేళ్ళకో పిడుగు పడుతుంది: రొమ్ములో పుట్టిన క్యాన్సరు ఊపిరితిత్తుల్లో కనిపించిందని. ఈ రోగంతో పోయేవారిలో ఎక్కువమందిని బలిగొనేది మొదటి గడ్డ కాదు, యీ వలసే. వున్నచోట వుండక ఆ కణాలు ఎందుకు బయలుదేరుతాయి? జవాబులో కొంత భాగం ఒక పురుగు దగ్గర దొరికిందంటే మొదట నేనూ నమ్మలేదు.

మట్టిలో బ్రతికే ఆ పురుగు పొడవు ఒక్క మిల్లీమీటరు. అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గేరీ రవ్‌కన్ అనే యిద్దరు దాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చున్నారు. అందులో 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ తునక ఒకటి వున్నదనీ, అది దేన్నీ తయారు చేయదనీ, తయారయ్యేదాన్ని ఆపుతుందనీ 1993లో బయటపెట్టారు.

పెళ్ళివారింట్లో చూడండి. పెద్దాయన దగ్గరున్న జాబితాలోంచి ఆ పూట వంటకాలు నకలు వ్రాసి వంటశాలకు పంపుతారు. దారిలో అమ్మమ్మగారు "పులిహోర వద్దు" అని చీటీ అంటించారనుకోండి; జాబితాలో పులిహోర వున్నా విస్తట్లోకి రాదు. జన్యువు నుంచి బయలుదేరిన నకలు మీద యీ తునక అలాగే అంటుకుంటుంది.

అది పురుగు గొడవేననుకుని చాలామంది ఊరుకున్నారు. 2000లో రవ్‌కన్ బృందానికి దొరికిన మరో తునక మనిషిలోనూ వున్నదని తేలాక గాని లోకం తలెత్తి చూడలేదు. 2024లో యిద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది.

ఇక క్యాన్సరు సంగతి. 2007లో మసాచుసెట్స్‌లోని వైట్‌హెడ్ సంస్థలో లీ మా, రాబర్ట్ వైన్‌బర్గ్ మొదలైనవారు, వ్యాపించే రొమ్ము క్యాన్సరు కణాల్లో మైర్-10బి అనే తునక ఎక్కువగా వుండటం గమనించారు. దాన్ని వ్యాపించని కణాల్లోకి ఎక్కించి ఎలుకల్లో పెడితే, కదలకుండా కూర్చున్నవి కాస్తా ఊపిరితిత్తుల దాకా వెళ్ళాయి. మైర్-10బి ఒక కాపలా జన్యువు నోరు నొక్కుతుంది. కాపలా లేకపోయేసరికి కణానికి కాళ్ళిచ్చే మరో జన్యువు చెలరేగుతుంది. 2010లో ఆ తునకకు ఎదురు తునక తయారుచేసి ఎలుకలకు సూదిమందుగా యిచ్చారు. ఊపిరితిత్తులకు పాకడం బాగా తగ్గింది. మొదటి గడ్డ మాత్రం ఎప్పటిలాగే పెరిగింది! పెరగడం వేరు, పాకడం వేరు అన్నమాట. నా మట్టుకు నాకు యిందులో అన్నిటికన్నా గొప్ప సంగతి యిదే.

చీటీలన్నీ చెడ్డవి కావు. మైర్-335, మైర్-126 అనేవి వ్యాప్తిని అరికడతాయనీ, వలసపోయే కణాల్లో అవి తరిగిపోతాయనీ 2008లో న్యూయార్కు స్లోన్-కెట్టరింగ్ వారు చూపారు.

మరి మందేదీ అంటారా? ఒక్కొక్క తునక ఎన్నో నకళ్ళ మీద అంటుకోగలదు. పులిహోర ఆపబోతే పాయసమూ ఆగవచ్చు. గడ్డల్ని అణచే మైర్-34ను పోలిన మందును మనుషులకిచ్చి చూశారు. కొందరిలో రోగనిరోధక శక్తి తీవ్రంగా తిరగబడటంతో 2016లో ఆ పరీక్ష ఆపివేశారు. మైర్-10బికి ఎదురు మందు కూడా మందుల షాపుకి యింకా రాలేదు. వచ్చిందని ఎవరైనా డబ్బడిగితే, ఏ పరీక్ష క్రింద యిస్తున్నారో కాగితం చూపించమనండి.