ముసురును ఇంగ్లీషులో ఏమంటారు?



రెండు రోజులుగా మబ్బు వీడకుండా, సన్నగా తుంపర పడుతూనే ఉంటే 'ముసురు పట్టింది' అంటాం. దీన్ని ఇంగ్లీషులో ఏమంటారని మీ అబ్బాయో అమ్మాయో అడిగితే? 'రెయినీ డే' అని సరిపెడతాం. కానీ ముసురంటే వాన ఒక్కటే కాదు. ఆరని బట్టలు, చలి, ఏ పనీ తోచని విసుగు, అన్నీ ఆ మాటలో ఉన్నాయి.

స్కాట్లాండ్ వాళ్లకు ఇలాంటి మాట ఒకటుంది: 'డ్రీఖ్'. ఇంగ్లీషుకు తోబుట్టువులాంటి స్కాట్స్ భాషలోది. మొదట్లో దానికి ఎంతకీ తెమలనిది అని అర్థం. తర్వాత మసక మబ్బు, చలి, తడి కలిసిన రోజుకు పేరైంది. సాగదీసే ఉపన్యాసాన్నీ డ్రీఖ్ అంటారు. 2019లో స్కాటిష్ బుక్ ట్రస్ట్ ఓట్లు అడిగితే స్కాట్స్ మాటల్లో దీనికే మొదటి స్థానం దక్కింది.

అయితే ఒకప్పుడు క్లాసులో స్కాట్స్ మాట్లాడితే టీచర్లు సరిదిద్దేవారు, దండించేవారు కూడా. స్కాట్స్ చదువుకున్నవారి భాష కాదని, బోధనకు పనికిరాదని 1946లో ప్రాథమిక విద్యపై వచ్చిన ప్రభుత్వ నివేదికే తేల్చేసింది. అమ్మ మాట్లాడేది 'తప్పుడు ఇంగ్లీషు' అనుకుంటూ ఎందరో పిల్లలు పెరిగారు. అయినా 2011 జనాభా లెక్కల్లో 15 లక్షల మందికి పైగా తమకు స్కాట్స్ మాట్లాడటం వచ్చని చెప్పారు. 2025లో చట్టం దానికి అధికార హోదా ఇచ్చింది. ఇందుకోసం వాళ్లు ఇంగ్లీషును వదులుకోలేదు.

మనం ఫీజు కట్టి ఇంగ్లీషు మీడియంలో చేర్పించాం. అందులో తప్పులేదు. కానీ పాప ఇంటికొచ్చి 'అమ్మా, ముసురు పట్టింది' అంటే, 'ఇంగ్లీషులో చెప్పు' అని గద్దించడం మాత్రం తప్పేనని నా అభిప్రాయం. ఆ క్షణంలో పాప నేర్చుకునేది ఇంగ్లీషు కాదు, ఇంటి మాట చిన్నదన్న భావన.

ఈ వానాకాలం ఒక చిన్న పని చేయండి. అమ్మమ్మనో తాతయ్యనో అడిగి వాన మాటలు ఓ ఐదు పిల్లల చేత రాయించండి: ముసురు, తుంపర, జల్లు, జడివాన, వడగళ్లు. ఒక్కోదానికి ఇంగ్లీషులో రెండు వాక్యాల్లో అర్థం చెప్పమనండి. ఒక్క మాటలో ఇమడనిదాన్ని వివరించబోతే ఇంగ్లీషూ పదునెక్కుతుంది, తెలుగూ నిలుస్తుంది.