వింత యెవరికి?

యూరపునకు పోయి వచ్చిన తెలుగువారి ఫోటోలలో ఈఫిల్ గోపురమును, పీసాలోని వాలుగోపురమును తప్పక ఉండును. ఆ వాలుగోపురమును అరచేతితో నిలువబెట్టుచున్నట్లు ఫోటో తీయించుకొనని యాత్రికుడు అరుదు. ఇంతకంటె చక్కని బొమ్మలు ఆ యూరి అంగళ్లలో కార్డులుగా దొరకును గనుక, చుట్టపక్కాలు వీటిని మర్యాదకొఱకు చూచి ప్రక్కన పెట్టుదురు. మఱి కొందఱి దారి వేఱు. మురుగుతూము మూత, దుకాణపు పలక, కిటికీలో కునుకు తీయు పిల్లి, ఇట్టి అల్పములకొఱకే వారు వీధులు తిరుగుదురు. ఇది పిల్లచేష్టయని నవ్వు పెద్దలు కలరు. ఆ నవ్వు న్యాయమైనది కాదు.

ఈ చేష్టకు గొప్ప వంశమే కలదు. పారిసులో యూజీన్ అట్జే (1857–1927) బరువైన కెమేరాను, గాజుపలకలను మోసికొని సుమారు ముప్పదియేండ్లు వేకువజామున ఆ నగరపు సందులు త్రొక్కెను. తలుపు తట్టు కడియములు, అంగళ్ల గుర్తుబొమ్మలు, మెట్ల కమ్ములు, చింకిగుడ్డలేరి బ్రతుకువారు ఆయనకు విషయములు. తన బొమ్మలు చిత్రకారులకు పనికివచ్చు ఆధారపత్రములని వాకిట పలక కట్టుకొనెనే కాని, కళయని చాటుకొనలేదు. ఆయన మరణించిన పిదప బెరెనీస్ ఆబట్ అను అమెరికా యువతి ఆ సంపుటిని కొని కాపాడినది. 1968లో న్యూయార్కులోని ఆధునిక కళామందిరము దానిని చేకొన్నది. కూలిపోయిన పాత పారిసు నేడు చాలవఱకు ఆ పలకలలోనే నిలిచియున్నది. తెలుగులో ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి మజిలీ మజిలీకి బస, నీరు, అంగళ్లు, దారి వ్రాసికొనిరి. చేత కెమేరా లేదు గాని చూపు అదియే.

అయితే వింత యనునది వస్తువునందు లేదు, చూచువాని తెలియమియందున్నది. ఆమ్‌స్టర్‌డాములో కాలువగట్టు ఇండ్ల నెత్తిన కొక్కెములుండును; ముందరిగోడలు వీధివైపు కొంచెము వ్రాలియుండును. మెట్లు మిక్కిలి ఇఱుకగుటచే సామాను త్రాటితో లాగి కిటికీగుండ లోనికి చేర్చుదురు. అది గోడకు ఒరయకుండ ఆ వ్రాలు తోడ్పడును. ప్రక్కకు ఒఱిగిన ఇండ్ల కథ వేఱు: అవి కొయ్యగుంజల పునాది క్రుంగినవి. రెండింటిని ఒకే నవ్వుతో ఫోటో తీసినవాడు ఆ యూరిని చూడనేలేదు.

బెర్లినులో వీధి దాటువారికి దారిచూపు దీపమునందలి టోపీ మనిషియు అట్టివాడే. కార్ల్ పెగ్లావు 1961లో తూర్పు జర్మనీకొఱకు కల్పించిన బొమ్మ యది. 1990లో దేశములు ఏకమైన పిదప దానిని తీసివేయబూనగా జనులు ఒప్పుకొనలేదు. తమదనుకొన్నదంతయు పోవుచున్నవేళ ఆ చిన్న టోపీనైన దక్కించుకొనిరి. నేడు పశ్చిమ బెర్లినులోను వాడు వెలుగుచున్నాడు.

పోలెండులోని వ్రొత్స్వాఫ్ నగరపు మరుగుజ్జులు కొంత చిక్కు తెచ్చును. 1980 దశాబ్దిలో ప్రభుత్వమును నిరసించు వ్రాతలపై అధికారులు సున్నము పూయగా, ఆ సున్నపు మచ్చలమీదనే కొందఱు పరిహాసకులు మరుగుజ్జు బొమ్మలు వ్రాసిరి. ఆ స్మృతికై 2001లో ఒక కంచుబొమ్మను నిలిపిరి. ఇప్పుడవి వందలు, వెదకికొనుటకు పటములు సైతము కలవు. పిల్లలకు వేడుకయే. కాని వెదకి పట్టినదానికిని, విస్తరిలో వడ్డించినదానికిని రుచి భేదము లేకపోదు.

ఇక మనుష్యుల మాట. 1898లో బిస్మార్కు మృతదేహమును ఇద్దఱు దొంగతనముగా ఫోటో తీయగా వ్యాజ్యము నడచెను. ఆ కలవరము పిమ్మట 1907లో జర్మనీ, మనిషి అనుమతి లేనిదే అతని బొమ్మను సామాన్యముగా ప్రచురింపరాదని శాసించెను. శాసనము లేనిచోట మాత్రము బెంచీపై సొమ్మసిల్లిన త్రాగుబోతు, రొట్టె నమలు ముదుసలి ‘వింత’ లగుదురా? బూడిద పూసికొన్న సాధువులను, పాములవాండ్రను, బిచ్చపు పిల్లలను విదేశీయుల కెమేరాలు వేటాడినప్పుడు మనవారికి కలిగిన రోషము న్యాయమైనదే. ఆ రోషము గలవారే రోము వీధిలో దీనులపై కెమేరా ఎక్కుపెట్టుట చూచుటకు బాగుండదు.

నేడు ఫోనులో వేలకొలది బొమ్మలు ఇల్లు చేరుచున్నవి. నెల తిరుగకముందే ఏది ఏ యూరిదో తీసినవానికే తెలియదు. అట్జే తన పలకలకు అంకెలు వేసి, అచ్చుల వెనుక వీధిపేరు స్వహస్తముతో వ్రాసియుంచెను.