జూనియర్ వకీళ్ళకు అడ్డం నిలిచిన రూలు 49

జూనియర్ న్యాయవాదుల గౌరవవేతనం గురించి మన పత్రికల్లో వచ్చినన్ని వార్తలు వాళ్ళ పని గురించి రాలేదు. 2019 డిసెంబరు 3న లా నేస్తం పేరుతో నెలకు 5 వేలు మొదలైనప్పుడు అదే చర్చ. 2024 ఎన్నికల్లో కూటమి 10 వేలు అన్నప్పుడూ అదే చర్చ. ఆ ఏడాది అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్నాల్లో 20 వేలు, పల్లె ప్రాంతాల్లో 15 వేలు సీనియర్లే ఇవ్వాలని సిఫారసు చేస్తే, ఎవరిస్తారు, ఎవరివ్వరు అని నాలుగు రోజులు మాట్లాడుకుని వదిలేశారు. ఇక కర్నూలు హైకోర్టు బెంచి సంగతి సరేసరి. 2024 నవంబరు 21న అసెంబ్లీ తీర్మానం చేసినప్పటి నుంచి సీమలో న్యాయం గురించి రాయడమంటే బెంచి గురించి రాయడమే అయిపోయింది. బెంచి రావాలి, అందులో రెండో మాట లేదు. అయితే సుగ్గికి, అంటే వలస కూలికి పోయి కాలు విరిగిన కోసిగి కూలీ హైకోర్టు దాకా ఎక్కడ పోతుంది? ఆమె ఎక్కే మెట్టు ఆదోని కోర్టుది. అక్కడ ఆమె పక్కన నిలబడడానికి ఒక కుర్ర వకీలు ఎందుకు దొరకడం లేదో ఎవరూ అడగరు.

కూలీల పక్కన నిలబడే ఈ పనిని మనవాళ్ళు 'సేవ' ఖాతాలో వేసేసి చేతులు దులుపుకుంటారు. దగ్గరికి పోయి చూస్తే అందులో ఎంత న్యాయశాస్త్రం ఉందో తెలుస్తుంది. దసరా దాటాక పత్తి తీతకు, సంక్రాంతి తర్వాత మిరప కోతకు కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల నుంచి ఇళ్ళకు తాళాలేసుకుని జనం గుంటూరు వైపు, తెలంగాణ వైపు కదులుతారు. మేస్త్రీ మాట్లాడిన సరుకు బండిలో కింద బియ్యం మూటలు, వంట సామాన్లు, పైన పిల్లాజెల్లా. ఆ బండి దారిలో బోల్తా పడిందనుకోండి. మోటారు వాహనాల చట్టం 166(2) ప్రకారం ప్రమాదం ఎక్కడ జరిగినా కూలీ తాను ఉండే ఊరి పరిధిలోని ట్రిబ్యునల్లోనే పరిహారం అడగొచ్చు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే.

చిక్కంతా ఎఫ్ఐఆర్‌లో ఉంటుంది. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత పడదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టానికి 1994లో వచ్చిన సవరణ మాత్రం బండిలో ఉన్న సరుకు యజమానికి, అతని తరఫు మనిషికి రక్షణ కల్పించింది. కాబట్టి ఆస్పత్రి మంచం పక్కన హెడ్ కానిస్టేబుల్ 'బండిలో ప్రయాణిస్తున్న కూలీలు' అని రాసుకుపోతే కంపెనీ నిశ్చింతగా ఉంటుంది. తమ బియ్యం, తమ సామాన్లు వేసుకుని బాడుగకు మాట్లాడుకున్న బండిలో పోతున్నారన్న నిజం అదే కాగితంలో పడితే వాదించడానికి చోటు మిగులుతుంది. ఆ వాంగ్మూలం నాటికి వకీలు అక్కడ ఉండాలి. పైగా 2022 ఏప్రిల్ 1 నుంచి పరిహారం అడగడానికి 6 నెలల గడువు మళ్ళీ వచ్చింది. దాని మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తోంది. ఇలాంటి కేసుల్లో ఫీజు ఎలా మాట్లాడుకుంటారో కోర్టు వరండాల్లో తిరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు: వచ్చినదాంట్లో ఇంత శాతం. అది తప్పని చెప్పే బార్ కౌన్సిల్ రూలు 20 పుస్తకంలో భద్రంగానే ఉంది.

మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు సంగతి ఇంకొకటి. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం 15వ సెక్షన్ ప్రకారం కూలీ అది వెట్టి అప్పు అంటే, కాదని రుజువు చేసుకునే భారం అప్పిచ్చినవాడిది. 13వ సెక్షన్ ప్రకారం జిల్లాతో పాటు ప్రతి సబ్ డివిజన్‌లోనూ విజిలెన్స్ కమిటీ ఉండాలి. ఆదోని సబ్ డివిజనే. వలస కార్మికుల చట్టం మరీ విచిత్రం. అదే గుంపు, అదే మేస్త్రీ, అదే మిరప. రాష్ట్రం విడిపోయిన 2014 జూన్ 2 తర్వాత ఖమ్మం పోతే 1979 చట్టం కింద అంతర్రాష్ట్ర వలస కార్మికులయ్యేవాళ్ళు, గుంటూరు పోతే అయ్యేవాళ్ళు కాదు. 2025 నవంబరులో కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఐదుగురి గుంపుకు వర్తించిన రక్షణ పదిమంది గుంపు నుంచే మొదలవుతోంది. ఇవన్నీ ఏళ్ళ తరబడి పట్టుకుని కూర్చోవాల్సిన పనులు. వకాల్తాకింత అని తీసుకుని బతికే జూనియర్‌కు సాధ్యపడేవి కావు. ఎవరో ఒకరు జీతమిచ్చి పెట్టుకోవాలి.

అసలు ముడి అక్కడుంది. పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి న్యాయవాదిగా ప్రాక్టీసు చెయ్యకూడదని బార్ కౌన్సిల్ రూలు 49 చెబుతుంది. ఉద్యోగంలో చేరితే ఆ సంగతి కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు ఆపుకోవాలి. వలస కూలీల కోసం పనిచేసే సంస్థ ఆదోనిలో ఒక లా గ్రాడ్యుయేట్‌ను నెల జీతానికి పెట్టుకుంటే, ఆ అమ్మాయి అర్జీలు రాయొచ్చు, సదస్సులు పెట్టొచ్చు. నల్లకోటు వేసుకుని వాదించబోతే ఈ రూలు ఎదురొస్తుంది. దీనికి తోడు 2025 మే 20న సుప్రీంకోర్టు, సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ళ ప్రాక్టీసు నిబంధనను తిరిగి తెచ్చింది. 1993లో పెట్టి 2002లో తీసేసిన నిబంధన ఇది. లా క్లర్కుగా చేసిన కాలాన్ని కూడా కలుపుకోవచ్చన్న తీర్పు, ప్రజాప్రయోజన సంస్థల్లో చేసిన కాలం గురించి పలకలేదు. ఎమ్మిగనూరు చేనేత ఇంటి నుంచి వచ్చి జడ్జి కావాలనుకునే అమ్మాయి ఇక ఆ సంస్థ గడప ఎందుకు తొక్కుతుంది?

రూలు 49ని అందరూ 2001 నాటి సతీశ్ కుమార్ శర్మ తీర్పు కళ్ళతో చదువుతున్నారు. హిమాచల్ విద్యుత్ బోర్డులో లా ఆఫీసరుగా చేసినాయనకు ఎన్‌రోల్‌మెంటు కుదరదన్న తీర్పది. ఆ తీర్పులో కూడా కోర్టు చూసింది ఆయన చేసే పనిని. అందులో కోర్టు వాదన నామమాత్రం, ఆఫీసు పనే ఎక్కువ. 2013లో దీపక్ అగర్వాల్ కేసులో అదే కొలత ఇంకా స్పష్టమైంది. ప్రభుత్వ జీతం తీసుకునే పబ్లిక్ ప్రాసిక్యూటర్లు కోర్టులో వాదించడమే ఉద్యోగంగా ఉన్నంతకాలం న్యాయవాదులుగానే లెక్క అని జస్టిస్ లోధా ధర్మాసనం చెప్పింది. ప్రభుత్వ న్యాయాధికారులకున్న మినహాయింపును బార్ కౌన్సిల్ 2001లోనే తీసేసినా ఆ ఫలితం మారలేదు. ముద్దాయి మీద కేసు నడిపేవాడికి వర్తించే సూత్రం కూలీ తరఫున నడిపేవాళ్ళకు ఎందుకు వర్తించదు? జీతం ఇచ్చేది సర్కారా, సంస్థా అన్నది పక్కనబెట్టి, రోజూ కోర్టులో నిలబడుతున్నారా లేదా అని చూడాలి. నేను ఆ తీర్పును చదివే తీరు ఇది.

సంస్థలు వకీళ్ళను కూలికి తెచ్చుకుని తమ అజెండా నడుపుకుంటాయన్న భయం ఒకటుంది, అది పూర్తిగా వట్టిది కాదు. కానీ అదే బార్‌లో బీమా కంపెనీల ప్యానెల్ మీద ఏళ్ళ తరబడి ఉన్న పెద్దల స్వతంత్రత గురించి ఎవరికీ దిగులు పట్టలేదు. పేదలకు ఉచితంగా సాయపడటం ప్రతి న్యాయవాది బాధ్యత అని రూలు 46 ఉంది కదా అంటారు మరికొందరు. ఉంది. అది చదివి ఎంతమంది కోసిగి వెళ్ళారో వాళ్ళే చెప్పాలి. అమెరికాలో స్కాడెన్ ఫెలోషిప్ 1988 నుంచి కొత్త లా గ్రాడ్యుయేట్లకు లాభాపేక్ష లేని సంస్థల్లో జీతమిచ్చి పనిచేయిస్తోంది; జీతం తీసుకున్నందుకు అక్కడ కోర్టు తలుపు మూసుకోలేదు.

మనకూ ఒక నమూనా చేతిలోనే ఉంది. జాతీయ న్యాయసేవల సంస్థ 2022లో తెచ్చిన డిఫెన్స్ కౌన్సెల్ పథకంలో జూనియర్లను సహాయకులుగా పూర్తికాలానికి తీసుకుంటారు, బయటి ప్రాక్టీసు ఉండదు, అయినా వాళ్ళు న్యాయవాదులే. లోపాలు రెండు. అది క్రిమినల్ కేసులకే పరిమితం. ఆఫీసు జిల్లా కేంద్రంలో. ఆదోని నుంచి కర్నూలు సుమారు వంద కిలోమీటర్లు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ఆదాయంతో పని లేకుండా మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఉచిత సాయం ఇవ్వాలంటుంది. సుగ్గి బండిలో అధికభాగం వాళ్ళే. మండల న్యాయసేవల కమిటీల్లో ప్యానెల్ వకీళ్ళకు కేసుకింత అని ఇస్తూ పోతే వాంగ్మూలం నాటికి ఆస్పత్రికి పోయేవాళ్ళు రారు.

ఉద్యోగం మాని లా చదివి హైకోర్టులో పేదల కేసులు వాదించిన బాలగోపాల్ పుట్టింది బళ్ళారిలో. 1953 అక్టోబరు దాకా ఆదోని ఆ జిల్లాలోదే. ఆయన పేరు చెప్పి కుర్రాళ్ళను త్యాగం చెయ్యమనడం మనకు బాగా అలవాటు. మాజీ ముఖ్యమంత్రి సంజీవయ్య పేరు విశాఖ లా యూనివర్సిటీకి పెట్టాం, 2024 మార్చిలో ఆయన సొంత జిల్లాలోని జగన్నాథగట్టు మీద మరో లా యూనివర్సిటీకి రాయి వేశాం. అక్కడ చదివినవాళ్ళు ఆదోనిలో ఏ రూలు కింద పనిచెయ్యాలో మాత్రం తేల్చలేదు.

తేల్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. కోర్టు వాదనే ముఖ్య విధిగా ఉన్న జీతపు న్యాయవాదులకు రూలు 49 అడ్డురాదని బార్ కౌన్సిల్ ఒక సర్క్యులర్ ఇవ్వాలి. న్యాయసేవల కమిటీలోనో, ప్రజాప్రయోజన సంస్థలోనో కోర్టు పని చేసిన కాలాన్ని ఆ మూడేళ్ళలో కలపాలని రాష్ట్ర హైకోర్టు నియామక నిబంధనల్లో చేర్చాలి. ఆదోనిలో సివిల్, కార్మిక కేసులకు కూడా పూర్తికాలపు పోస్టులు పెట్టాలి. ఇవి జరగకుండా గౌరవవేతనాన్ని 10 వేలు చేసినా 20 వేలు చేసినా, జూనియర్ ఆ డబ్బుతో కర్నూలులోనో విజయవాడలోనో గది అద్దెకు తీసుకుంటాడు. ఆశారాణి తీర్పు తెలిసిన మనిషి ఆదోనిలో బీమా కంపెనీ వైపే ఉంటాడు.