సోడా తెచ్చిన చిక్కు

“నువ్వు రాసినట్టే చేసినానమ్మా, ఇదేటి ఇలాగుంది?” అంటూ కదమాలో మా పొరుగింటి పిన్నిగారు ఒకనాటి సాయంకాలం స్టీలు గిన్నెతో మా గుమ్మంలో నిలబడ్డారు. గిన్నెలో లేత గోధుమరంగు పాకం. గరిటెతో ఎత్తితే నీళ్ళవలె జారిపోతున్నది. అది జెల్లీ కావలసినది. మర్నాడు మనుమడి పుట్టినరోజు. వాడికోసం కిలో పంచదార పోసి, రెండు గంటలు పొయ్యి ముందు నిలబడి చేశారావిడ.

తప్పు ఆమెది కాదు, నాది. అంతకు కొన్ని నెలల ముందు నేనొక అమెరికన్ వంటల పుస్తకాన్ని తెనిగించాను. అందులో శీతల పానీయంతో జెల్లీ చేసే విధానం ఒకటుంది. మూలంలో ‘ఒక సీసా సోడా’ అని ఉన్నచోట నేనూ ‘ఒక సీసా సోడా’ అనే రాశాను. ఆ మాట తెలుగువారికి తెలిసినదే కదా అని నిఘంటువు వైపు చూడలేదు. అమెరికాలో చాలాచోట్ల సోడా అంటే రంగూ తీపీ గల కూల్‌డ్రింక్. మనకు సోడా అంటే గోలీసోడా, కాకుంటే వంటసోడా. పిన్నిగారు ఆ రెండవది పోయకపోవడం నా అదృష్టం. బిష్టుపూర్ బజారు నుంచి సాదా సోడా తెప్పించి పోశారు.

విచిత్రమేమంటే, ఇంతకంటే పెద్ద గోతిని నేను జాగ్రత్తగా దాటాను. ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న నాకు జెల్లీ అనగానే బ్రిటిష్ వారి విందుబల్ల మీద వణుకుతూ ఉండే జెలటిన్ ముద్ద కళ్ళకు కడుతుంది. అమెరికన్లకు జెల్లీ అంటే రొట్టెకు రాసుకునేది, పండ్లరసంతో చేసే తేటయైన పాకం. ఆ తేడా కనిపెట్టాను, కనిపెట్టినందుకు కొంత గర్వపడ్డాను కూడ. జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది గనుక శాకాహారుల ఇళ్ళకు పనికిరాదు. పండ్లజెల్లీని బిగించే పెక్టిన్ పండ్లలోనిదే. అయితే పెక్టిన్ పొడి మన వీధి కొట్లలో దొరకదు కదా అని, ‘జామపండ్ల రసం వాడవచ్చును’ అన్న వాక్యం నా సొంతంగా చేర్చాను. ఆ వాక్యంలో మరో తప్పుందని తరువాతగాని తెలియలేదు.

జెల్లీ పేరుకొనడానికి మూడు కావాలి: పెక్టిన్, పులుపు, పంచదార. 1825లో పెక్టిన్‌కు ఆ పేరు పెట్టినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు బ్రాకొన్నో. గడ్డకట్టించేది అన్న అర్థం గల గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. పెక్టిన్ పొడుగాటి పోగులవంటి పదార్థం. నీటిలో దాని పోగులన్నీ ఒకే రకం విద్యుదావేశంతో ఉండి, ఒకదానినొకటి దగ్గరకు రానీయవు. ఆమ్లం ఆ వైరాన్ని తగ్గిస్తుంది. పంచదార చుట్టూ ఉన్న నీటిని తనవైపు లాక్కుంటుంది. అప్పుడు పోగులు ఒకదానితో ఒకటి అల్లుకొని, మిగిలిన నీటిని వలలో పట్టినట్లు పట్టి నిలబెడతాయి. పాకంలో పంచదార నూటికి అరవై, అరవై అయిదు పాళ్ళుండాలి. పులుపు నిమ్మకు కొంచెం తక్కువగా, పి.హెచ్. 3 ప్రాంతంలో ఉండాలి.

కోలా పానీయాలలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. వాటి పి.హెచ్. సుమారు 2.5. ఎంత మరిగించినా ఆ ఆమ్లం ఆవిరైపోదు. తీపి మాటున దాగడం వల్ల ఆ పులుపు నాలుకకు అంతగా తెలియదు, అంతే. సాదా సోడాలోనో, ఉన్నది బొగ్గుపులుసు వాయువు ఒక్కటే. మరిగేసరికి అది కాస్తా ఎగిరిపోయి, మంచినీళ్ళు మిగులుతాయి. నేను ఒక మాట తప్పు రాసి, పిన్నిగారి గిన్నెలోని పులుపును ఊడ్చివేశానన్నమాట.

ఇదంతా చెప్పి, “సోడా కాదు పిన్నిగారూ, కోక్ పోయాలి” అన్నాను. ఆవిడ నావైపు అదోలా చూశారు. ఈ ఊళ్ళో కోక్ అంటే ముందు గుర్తుకు వచ్చేది ఉక్కు కొలిమికి వేసే కాల్చిన బొగ్గు. 1912లో ఇక్కడ మొదటిసారి ఉక్కు తీసిన నాటి నుంచీ ఆ మాట ఇంటింటి మాటే. శ్రీకాకుళం నుంచి వచ్చి కార్ఖానాలో పనిచేసిన బాబయ్యగారి నోట ఆమె నలభై ఏళ్ళు విన్న కోక్ అదే. ఇక తెలుగులో కోక అంటే చీర. అనువాదకులకు ఈ ఊరు మంచి పాఠశాల.

మరునాడు ఉదయమే ఇద్దరం కలిసి మళ్ళీ మొదలుపెట్టాం. అర కిలో జామకాయలు ముక్కలు కోసి, మునిగేవరకు నీళ్ళు పోసి అరగంట ఉడికించాం. పలుచని గుడ్డలో పోసి వేలాడగట్టాం. పిండకూడదు, పిండితే జెల్లీ మసకబారుతుంది. నా రెండవ తప్పు బయటపడినది ఇక్కడే. పండు మెత్తబడిన కొద్దీ బిగించే శక్తి గల పెక్టిన్ తగ్గిపోతుంది. కావలసినవి దోరకాయలు. నేను ‘పండ్లు’ అని రాయగా, వాసన బాగుంటుందని ఆమె మొదటిసారి మిగల ముగ్గినవే ఏరి వేశారు.

300 మిల్లీలీటర్ల కోలాను సగానికి మరిగించాం. గ్యాసు పోకముందు పంచదార వేస్తే నురుగు పొంగి పొయ్యి పాలవుతుంది. జామరసం రెండు కప్పులు, పంచదార రెండు కప్పులు, నిమ్మరసం రెండు చెంచాలు. పంచదార లేని ‘డైట్’ పానీయమైనా పరవాలేదు కదా అని అడగకండి, కోలాలోని తీపిని కూడ లెక్కవేసిన కొలత ఇది. పెద్ద మంట మీద పాకం 105 డిగ్రీల సెల్సియస్‌కు రావాలి. మా దగ్గర ఉష్ణమాపకం లేదు. చల్లని పళ్ళెం మీద ఒక బొట్టు వేసి వేలితో నెడితే పైన ముడత పడింది. పిన్నిగారు వెంటనే పొయ్యి ఆర్పివేశారు. అరిసెల పాకం చూసే చేతికి ఇది కొత్త విద్య కాదు.

నిలిచింది. సీసా వంచినా జారలేదు. రుచి మాటకు వస్తే, మరిగించిన కోలాలో దాని పరిమళం చాలా వరకు పోతుంది, మిగిలేది మాడిన పంచదార రుచి, నిమ్మ పులుపు. పిల్లలకు నచ్చింది. నాకు మాత్రం ఎర్ర గోంగూర కాయను కప్పి ఉండే కండగల రేకులతో చేసిన జెల్లీయే గొప్ప. వాటిలో పులుపూ పెక్టిన్ రెండూ ఉన్నాయి, రంగు సరేసరి.

“మా చిన్నప్పుడు దూసరతీగ ఆకు నీళ్ళల్లో పిసికి వడకట్టేవోళ్ళం. ఇట్టే గడ్డకట్టేసేది” అన్నారు పిన్నిగారు, సీసా మూత బిగిస్తూ. పొయ్యి లేదు, పంచదార లేదు. ఇక్కడి కంచెల మీద అదే తీగ అల్లుకొని ఉంటుంది. హిందీలో దాన్ని జలజమనీ అంటారు, నీటిని గడ్డకట్టించేది అని. ఎన్నేళ్ళుగానో ఆ మాట వింటున్నాను గాని, తెలుగు చేయాలన్న తలపే రాలేదు.

పుస్తకం మాత్రం అప్పటికే అచ్చయి అంగళ్ళకు చేరింది. ప్రచురణకర్తకు ఉత్తరం రాశాను. మలి ముద్రణలో సరిచేస్తామన్నారు. మలి ముద్రణ ఎప్పుడో తెలియదు. ఈలోగా ఇంకెన్ని ఇళ్ళలో సాదా సోడా మరుగుతున్నదో! నా చేతికందిన ప్రతి ఒక్కటే, పిన్నిగారిది. అందులో ‘సోడా’ కొట్టివేసి ‘కోలా కూల్‌డ్రింక్’ అని రాసి ఇచ్చాను. ఆమె కళ్ళజోడు పెట్టుకొని చదివి, నా చేతిలోని కలం తీసుకొని, ‘పండ్లు’ అన్నచోట ‘దోరకాయలు’ అని తన చేత్తో దిద్దుకున్నారు.