‘థైరాయిడ్‌కు శాశ్వత విముక్తి’: ఈ వాగ్దానాన్ని నమ్మవద్దు

‘మూడు నెలల్లో థైరాయిడ్ మాత్రలు మానిపిస్తాం’, ‘శాశ్వత పరిష్కారం మా వద్దనే’. ఈ మాదిరి వాగ్దానాలు మన పట్టణాలలో కరపత్రాల మీద, గోడల మీద, ఫోను తెరల మీద తరచు కనిపిస్తుంటాయి. జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో ఏళ్ళ తరబడి రోజూ మాత్ర వేసుకుంటున్న గృహిణికి ఇంతకంటె తీయని మాట ఉండదు. గళగ్రంథి శాశ్వతంగా దెబ్బతిన్నవారి విషయంలో ఆ మాట అసత్యమని, కొందరికి అది ప్రాణాంతకం కూడా కాగలదని చెప్పడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాను. నా వాదం ఏ ఒక్క వైద్యవిధానం పైనా కాదు. ఏ విధానానికి చెందినవారైనా సరే, రక్తపరీక్ష ఆధారం లేకుండా మాత్ర మానిపించడం వైద్యం అనిపించుకోదు.

మాత్ర చేసే పని

గళగ్రంథి మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి. గుండె వేగం, శరీరపు వేడి, జీర్ణక్రియ, ఋతుక్రమం, మెదడు చురుకుదనం, ఇవన్నీ దాని స్రావం మీద ఆధారపడతాయి. ఆ స్రావం తగ్గితే మెదడు అడుగున ఉండే పీయూషగ్రంథి టీఎస్‌హెచ్‌ను ఎక్కువగా విడుదల చేసి గళగ్రంథిని తొందరపెడుతుంది. అందుకే గ్రంథి మందగించినపుడు రక్తంలో టీఎస్‌హెచ్ పెరుగుతుంది.

మన ప్రాంతంలో ఈ మందగింపునకు ముఖ్యకారణం శరీర రక్షణ వ్యవస్థ పొరబడి సొంత గ్రంథినే నాశనం చేయడం. జపాను వైద్యుడు హషిమోటో 1912లో వర్ణించిన వ్యాధి ఇదే. పూర్తిగా నశించిన గ్రంథి తిరిగి మొలవదు. లీవోథైరాక్సిన్ మాత్ర ఆ గ్రంథి ఇవ్వవలసిన హార్మోనునే బయటినుంచి అందిస్తుంది. చత్వారం వచ్చినవారు కళ్ళజోడు పెట్టుకున్నట్టే ఇదీ. కళ్ళజోడుకు ఎవరూ ‘బానిస’ అయ్యామని బాధపడరు.

1891లో ఇంగ్లండులో జార్జి ముర్రే అనే వైద్యుడు గొర్రె గళగ్రంథి సారాన్ని ఒక రోగిష్టి స్త్రీకి ఇచ్చాడు. అంతవరకు ఈ వ్యాధి ముదిరినవారికి మరణమే గతి. ఆమె మరి 28 సంవత్సరాలు జీవించింది. ఆమెకు వ్యాధి ‘నయం’ కాలేదు. లోపించిన స్రావం నిత్యం అందుతూ ఉండడం వల్లనే ఆమె బ్రతికింది. 1927లో థైరాక్సిన్‌ను ప్రయోగశాలలో తయారు చేయగలిగారు. నేడు అదే మందు రోజుకు ఒకటి రెండు రూపాయలకు దొరుకుతున్నది.

‘నాకు నయమైంది’ అనేవారి సంగతి

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. ‘మా పక్కింటామె ఆ మందు వాడి, ఈ మాత్ర మానేసింది. బాగానే ఉంది కదా?’ ఆమె అబద్ధం చెప్పడం లేదు. కాని ఆమె బాగుపడడానికి ఆ మందే కారణమని ఋజువు కాలేదు.

టీఎస్‌హెచ్ సాధారణ పరిమితి సుమారు 4 నుంచి 5. అది ఆరో ఏడో ఉన్నపుడు, ఏ మందూ వాడకుండా రెండు మూడు నెలల తరువాత మళ్ళీ పరీక్షిస్తే చాలామందిలో అదే సర్దుకుంటుంది. ప్రసవమైన ఏడాదిలోపు కొందరు స్త్రీలలో గ్రంథి వాచి, కొన్నాళ్ళు మందగించి, చాలామందిలో తిరిగి కోలుకుంటుంది. వైరస్ జ్వరాల తరువాత వచ్చే నొప్పితో కూడిన వాపు కూడా సాధారణంగా కొన్ని నెలలలో తగ్గుతుంది. తనంత తానే తగ్గే జబ్బుకు ఎవరు ఏ పొడి ఇచ్చినా కీర్తి ఆ పొడికే దక్కుతుంది.

మరొక కిటుకు ఉన్నది. లీవోథైరాక్సిన్ శరీరంలో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. మాత్ర మానిన రెండు వారాలకు మనిషి హాయిగానే ఉంటుంది. ఆ హాయిని చూసే సాక్ష్యం చెబుతుంది. నీరసం, మలబద్ధకం, ముఖం ఉబ్బడం, అధిక ఋతుస్రావం నిదానంగా ముసురుకునే నాటికి వాటిని మాత్ర మానడంతో ముడిపెట్టాలని ఎవరికీ తోచదు. జుట్టు రాలకుండా వాడే బయోటిన్ మాత్రలు కూడా కొన్ని పరీక్షలలో టీఎస్‌హెచ్‌ను తప్పుగా తక్కువ చూపించగలవు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి.

నష్టపోయేది ఎవరు?

జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో వేలాది స్త్రీలు చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చేస్తారు. సిరిసిల్లలో మరమగ్గాల చుట్టూ కుటుంబాలు రాత్రింబగళ్ళు శ్రమిస్తాయి. ఎన్నో ఇళ్ళలో భర్త గల్ఫ్ దేశాలలో ఉంటాడు. ఇల్లు, పిల్లలు, అత్తమామలు, పని అన్నీ ఆ ఇల్లాలి మీదే. ‘ఒళ్ళు బరువుగా ఉంది, చేతులు సాగడం లేదు’ అని ఆమె అంటే, ‘పని చేస్తే అలసట రాదా?’ అని జవాబు వస్తుంది. వ్యాధి బయటపడడమే ఆలస్యం. బయటపడినాక, నెలకు యాభై అరవై రూపాయల మాత్రను మాన్పించి వేల రూపాయల ‘కోర్సు’ అంటగట్టడం ఆమె కష్టార్జితాన్ని దోచుకోవడమే.

డబ్బు నష్టాన్ని ఎలాగో పూడ్చుకోవచ్చు. మాత్ర మానిన స్త్రీ గర్భవతి అయితే జరిగే నష్టాన్ని పూడ్చలేము. తొలి మూడు నెలలు గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. ఆ సమయంలో మాత్ర మోతాదు సాధారణంగా పావువంతుకు పైగా పెంచవలసి వస్తుంది. అటువంటి వేళ మానివేయడం గర్భస్రావానికి, నెలలు నిండని కాన్పుకు, బిడ్డ మేధస్సుకు చేటు తెచ్చే ప్రమాదం ఉంది. వృద్ధులు మాత్ర మానివేస్తే, అరుదుగానైనా, ఒళ్ళు చల్లబడి స్పృహ కోల్పోయి మరణించే స్థితి రావచ్చు.

గ్రంథి అధికంగా పనిచేసే జబ్బు వేరు. గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం దాని లక్షణాలు. దానికి కార్బిమజోల్ వంటి మందులు, రేడియో అయొడిన్, శస్త్రచికిత్స ఉన్నాయి. ఆ మందులను హఠాత్తుగా మానడం మరీ ప్రమాదకరం.

వైద్యవృత్తి వంతు

ఈ దోపిడికి దారి తెరిచినది కొంతవరకు ఆధునిక వైద్యవృత్తే. హైదరాబాద్ సహా ఎనిమిది నగరాలలో జరిగి 2013లో వెలువడిన అధ్యయనం పెద్దలలో దాదాపు 11 శాతం మందిలో గళగ్రంథి మందగింపు ఉన్నదని చూపింది. వారు కాక మరికొందరిలో టీఎస్‌హెచ్ మాత్రమే పెరిగి, టీ4 సరిగానే ఉన్న స్వల్పస్థితి కనిపించింది. గర్భవతులను మినహాయిస్తే, ఇటువంటివారిలో చాలామందికి తక్షణం మందు అక్కరలేదు. ఒక్క పరీక్ష చూసి ‘జీవితాంతం వాడాలి’ అని చీటీ వ్రాసి పంపడం తప్పు. ఎందుకు వాడాలో రెండు నిమిషాలు చెప్పకపోవడం అంతకంటె పెద్ద తప్పు. వైద్యుడు వివరించని చోట కరపత్రం వచ్చి వివరిస్తుంది.

చట్టం ఉన్నది, అమలు ఏది?

1954 నాటి మందులు, మాయచికిత్సల ప్రకటనల చట్టం కొన్ని వ్యాధులను నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించింది. ఆ పట్టికలో గాయిటర్, అంటే గళగ్రంథి వాపు, ఉన్నది. మందు గురించి తప్పుదారి పట్టించే ప్రకటనలనూ అదే చట్టం వేరుగా నిషేధించింది. మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు విధించవచ్చు. గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాసిన ప్రకటన అధికారుల కంట పడకపోవడం విడ్డూరం.

ప్రభుత్వం చేయవలసినది మరొకటి ఉన్నది. సుమారు వెయ్యి మంది నవజాత శిశువులలో ఒకరికి గళగ్రంథి లోపం ఉండవచ్చు. మడమనుంచి తీసిన కొన్ని చుక్కల రక్తంతో దానిని కనిపెట్టి, రెండు వారాలలోపు మాత్ర మొదలుపెడితే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఈ జిల్లాలలో ఏ బిడ్డా ఆ పరీక్ష లేకుండా ఆసుపత్రి దాటి వెళ్ళకూడదని మనం పట్టుబట్టాలి.

మీరు చేయవలసినది

మాత్రను ఉదయం పరగడుపున మంచినీళ్ళతో వేసుకోండి. చాయ్‌కి, ఫలహారానికి అరగంట నుంచి గంట వ్యవధి ఉంచండి. రాత్రి పని చేసి పగలు నిద్రపోయేవారు కడుపు ఖాళీగా ఉండే మరొక వేళను నియమంగా పాటించవచ్చు. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు, కుదురుకున్నాక ఏడాదికొకసారి పరీక్ష చేయించుకోండి. గర్భం నిలిచిందని తెలిసిన రోజే వైద్యుని కలవండి.

టీఎస్‌హెచ్ సరిగా ఉన్నదని చీటీ వస్తే, మాత్ర పని చేస్తున్నదని అర్థం. దానిని మానవచ్చని కాదు. నిజంగా అవసరం లేదేమోనన్న అనుమానం మీకుంటే మీ వైద్యుని అడగండి. అది మీ హక్కు. ఆయన తగ్గించి, పరీక్షించి, నిర్ణయిస్తారు. ‘శాశ్వత పరిష్కారం’ అనేవారిని మాత్రం ఒక్క ప్రశ్న అడగండి: ‘మాత్ర మానిన రెండు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి నా టీఎస్‌హెచ్ సరిగా ఉంటుందని కాగితం మీద వ్రాసి సంతకం పెడతారా?’ పెట్టనివారికి మీ డబ్బు ఇవ్వకండి, మీ మాత్రను వారి మాట మీద మానకండి.