సంతకం ఉంది, టెస్టు లేదు

ఒక్క టెస్ట్ కేసు కూడా రన్ చెయ్యకుండా "అన్నీ పాస్" అని రిపోర్టు పంపిస్తే మన మేనేజరు ఊరుకుంటాడా? అనంతపురంలో మేం కట్టుకున్న ఇంటికి కరెంటు కనెక్షన్ వచ్చింది సరిగ్గా అలాంటి రిపోర్టు మీదే.

వైరింగ్ చేసింది మా వీధి కుర్రాడు. పని శుభ్రంగానే చేశాడు, కాకపోతే పర్మిట్ లేదు. కనెక్షన్‌కేమో లైసెన్సున్న కాంట్రాక్టరు సంతకం చేసిన టెస్టు రిపోర్టు కావాలి. "నేను తెప్పిస్తాలే అన్నా" అని డబ్బులు తీసుకెళ్ళి సాయంత్రానికల్లా కాగితం తెచ్చాడు. సంతకం పెట్టినాయన మా గడప తొక్కలేదు. డబ్బిచ్చింది నేనే కాబట్టి ఎవర్నీ తిట్టే హక్కు నాకు లేదనుకోండి.

పోయిన వేసవిలో అమ్మ ఫోన్లో "కూలరు ముట్టుకుంటే జుమ్మంటోందిరా" అంది. అప్పుడు తీశాను ఆ నిబంధనలు.

1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లోనే ఉంది, 45వ రూలు. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి లాంటివి మార్చుకోడం తప్పిస్తే, వైరింగ్ పని ఏదైనా లైసెన్సున్న కాంట్రాక్టరే చెయ్యాలి, సర్టిఫికెట్ ఉన్న మనిషి దగ్గరుండి చూడాలి. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2010లో తెచ్చిన నిబంధనలూ అదే చెప్పాయి. 500 వోల్టుల డి.సి. ఒక నిమిషం ఇచ్చి చూస్తే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కనీసం 1 మెగోమ్ ఉండాలని కూడా రాశారు. 2023లో వాటి స్థానంలో మళ్ళీ కొత్తవి వచ్చాయి. మా జిల్లాలో కరువు లేనిది రూల్సుకే!

నన్ను భయపెట్టింది మాత్రం ఎర్త్. గుంతలో బొగ్గు, ఉప్పు వేసి అప్పుడప్పుడూ నీళ్ళు పోస్తుండాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే చోట, ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే ఎండాకాలంలో, ఆ గుంతలో నీళ్ళెవరు పోస్తారు? మట్టి ఎండేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. మా ఇంట్లో కొలిపిస్తే 60 ఓమ్‌లు వచ్చింది.

లెక్క చూడండి. ఫేజు వైరు తెగి కూలరు ఇనప బాడీకి తగిలిందనుకుందాం. 230ని 60తో భాగిస్తే 3.8 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి అదొక లెక్కే కాదు, ట్రిప్ అవదు. కూలరు బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. అమ్మ తడి చేత్తో అందులో నీళ్ళు పోస్తుంది. అదే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉంటే రెప్పపాటులో పడిపోతుంది. మా ఇంట్లో అది లేదు. రిపోర్టులో మాత్రం ఎర్త్ "ఓకే".

అడిగితే మా కుర్రాడు, "ఇన్నేండ్లలో ఎవురికీ ఏం కాలేదు గదన్నా" అన్నాడు. అబద్ధం కాదు. కానీ మీటరు పెట్టి కొలవాలని అతనికి నేర్పిందెవరు?

పర్మిట్ లేనివాళ్ళందర్నీ ఆపెయ్యాలని నేననను. అప్పుడు సంతకం రేటు పెరుగుతుంది, అంతే. పని వచ్చినవాళ్ళకి చేతిపని చూసి, కొలవడం నేర్పి పర్మిట్ ఇవ్వాలి. రిపోర్టులో "ఓకే" బదులు అంకెలుండాలి: ఇన్సులేషన్ ఎంత, ఎర్త్ ఎంత, ఏ తేదీన, ఏ మీటరుతో. ఇంగ్లండులో 2005 నుంచి ఇళ్ళ వైరింగుకి పార్ట్ పి అని రూలుంది. అక్కడ వైరింగ్ చేసినాయన ఇచ్చే సర్టిఫికెట్‌తో పాటు కొలతల పట్టికా ఉంటుంది. అంకెలు కూడా దొంగవి రాయొచ్చు, నిజమే. కానీ రేపు ఇంకొకడు కొలిస్తే దొరికిపోతాడు. "ఓకే" అని రాసినవాడు ఎప్పటికీ దొరకడు.

ఆర్.సి.సి.బి. పెట్టించాను, ఎర్త్ మళ్ళీ వేయించాను. ఈసారి ఊరెళ్ళినప్పుడు మీరూ ఒకసారి కొలిపించండి. ఆర్.సి.సి.బి. ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. అయితే ఆ బటన్ చెప్పేది దాని సంగతే, ఎర్త్ సంగతి కాదు.

ఇంతకీ, మీ ఇంటి రిపోర్టు మీద సంతకం పెట్టినాయన్ని మీలో ఎంతమంది చూశారు?