ముందు దొరల తుపాకులు జమ చేయించండి!

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ వాడలో మీటింగు పెట్టినా మన పోరగాళ్ళు ఒక మాట అడుగుతున్నారు. "భూమి కేసు వేసినోడు, కులాంతర పెళ్ళి చేసుకున్నోడు, అట్రాసిటీ కేసులో సాక్ష్యం చెప్పేటోడు చీకటి పడ్డంక ఇంటికి ఎట్ల రావాలె? నడుముల ఒక తపంచా దోపుకుంటే తప్పేంది?"

అన్నలారా, అక్కలారా! ఈ ప్రశ్నను తప్పించుకోవద్దు. అడిగేటోనికి నీతులు చెప్పి పంపడం వాడ బాధ తెలియనోళ్ళు చేసే పని. ప్రాణం కాపాడుకునే హక్కు దళితునికీ ఉంది. పాత శిక్షాస్మృతిలో ఆ హక్కు ఉండె. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. హక్కు మీద మాకు అనుమానం లేదు. దాచుకున్న తుపాకి మనల్ని కాపాడుతదా అన్నదే ఇప్పుడు తేల్చుకోవాలె.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని చంపినోళ్ళు గుంపుగా వచ్చారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికిన రోజు ఊళ్ళో పోలీసులు ఉండిరి. 2018 సెప్టెంబరు 14న మన మిర్యాలగూడలోనే, గర్భవతి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తున్న దళిత యువకుణ్ణి వెనుక నుంచి వచ్చి నరికారు. గుంపు ముందు ఒక్క తపంచా ఎంతసేపు నిలుస్తది? వెనుక నుంచి పడే వేటును జేబులో తుపాకి ఎట్ల ఆపుతది?

ఇంకో సంగతి. లైసెన్సు లేని తుపాకి దొరికితే ఆయుధాల చట్టం కింద, 2019 సవరణ తర్వాత, రెండేళ్ళకు తక్కువ కాకుండా ఐదేళ్ళ దాకా జైలు. దొరకు ఠాణాకు ఒక్క కబురు పంపితే చాలు. నిన్నటి దాకా బాధితుడు, ఇయ్యాల ముద్దాయి. అతనితో పాటు భూమి కేసూ, సాక్ష్యమూ మునుగుతయ్.

మరి లైసెన్సే అడుగుదామా? అడగొచ్చు. 1989 అట్రాసిటీ చట్టం కింద 1995లో చేసిన నియమాల్లో మూడోది చదవండి. దాడులు జరిగే ప్రమాదమున్న ప్రాంతాలను ప్రభుత్వం గుర్తించాలె. అవసరమనుకుంటే అక్కడ ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళ తుపాకి లైసెన్సులు రద్దు చేసి, ఆ తుపాకులు సర్కారు ఆయుధాగారంలో జమ చేయించాలె. వాళ్ళ దగ్గరి చుట్టాలవి, జీతగాళ్ళవి కూడా. దొంగ తుపాకులు పట్టుకోవాలె. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు ఇవ్వాలె. ఆ వరుస చూడండి! వాళ్ళ తుపాకి దిగాలన్న మాటే ముందుంది.

కాని "అవసరమనుకునేది" ఎవరు? అధికారి. 1956లో అమెరికాలోని మోంట్‌గోమరీలో బస్సుల బహిష్కరణ నడుపుతున్న మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేస్తే, ఆయన తుపాకి వెంట పెట్టుకునే లైసెన్సు అడిగిండు. తెల్లోళ్ళ అధికారులు ఇయ్యలేదు. ఇక్కడ లైసెన్సు ఇచ్చినా, తుపాకి కొనే పైసలు కూలోనికి ఎక్కడివి? దాన్ని కొనగలిగేది ఎప్పటికీ దొరే.

అందుకని మేము చెప్పేది ఇది. దొంగ తపంచా ముట్టొద్దు. బెదిరించిన నాడే కాగితం మీద ఫిర్యాదు ఇవ్వండి. నకలు ఎస్పీకి, కలెక్టరుకు పంపి రసీదు దాచుకోండి. మా ఊరును మూడో నియమం కింద గుర్తించండి, బెదిరించినోళ్ళ లైసెన్సులు రద్దు చేయండి అని సంఘం తరఫున రాయండి. సాక్షులకు రక్షణ ఇవ్వాలని సెక్షన్ 15-ఎ చెబుతుంది, దాన్నీ అడగండి. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని తన విధి చేయకుంటే సెక్షన్ 4 కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉంది. తుపాకి లైసెన్సు కావాలనుకున్నోళ్ళు కూడా బాజాప్తా దరఖాస్తు పెట్టండి. కాదంటే కారణం రాసిమ్మని పట్టుబట్టండి, అప్పీలుకు పొండి.

ఇవన్నీ తేలడానికి నెలలు పడుతది. అందాక సాక్ష్యం చెప్పేటోణ్ణి చీకట్లో ఒంటరిగా పోనియ్యకండి. పది మంది తోడు పోయి ఇంటి దాకా దిగబెట్టి రండి. ఈ పని ఈ రాత్రి నుంచే మొదలుకావాలె.

జై భీం!